అమరావతా, పసలపూడా?

ఈ మధ్య రెండు పుస్తకాలు పక్కపక్కన పెట్టుకుని చదివాను. ఒకటి శంకరమంచి సత్యం ‘అమరావతి కథలు’, ఇంకొకటి వంశీ ‘మా పసలపూడి కథలు’. అక్కడ కృష్ణ ఒడ్డు, ఇక్కడ గోదావరి కాలవ గట్లు. రెండూ వారపత్రికల్లో వచ్చినవే. రెండింటికీ బాపు బొమ్మలే.

అమరావతి కథ మూడు నాలుగు పేజీల్లో అయిపోతుంది. టీ చల్లారేలోపు ఒకటి పూర్తవుతుంది, కానీ వెంటనే రెండోది మొదలుపెట్టబుద్ధి కాదు. మొదటి కథ ‘వరద’నే తీసుకోండి. కృష్ణ పొంగి ఊరు మునిగితే, ఆ పూటకి కులాలూ మునిగిపోతాయి. నీళ్లు తీశాక? అక్కడ పుస్తకం మూసి కాసేపు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను. అయితే మొత్తం వంద కథలు. వరసపెట్టి చదివితే అదే గుడి, అదే గంట, అదే రేవు. రోజుకి రెండు చాలు.

వంశీది వేరే దారి. కూర్చోబెట్టి కబుర్లు చెప్తాడు. ఊళ్ల పేర్లు, ఇంటిపేర్లు, ఎవరెవరికి ఏమవుతారో అన్నీ చెప్పాకే కథలోకి వస్తాడు. మొదట్లో విసుగేసింది. పదో కథకి ఆ యాసకి అలవాటు పడ్డాను. వంటల వర్ణన వస్తే మాత్రం ఖాళీ కడుపుతో చదవకండి. కొన్ని ప్రేమకథల ముగింపు ముందే తెలిసిపోతుంది, అదొక్కటే నాకు లోటు.

రైలు ప్రయాణానికైతే పసలపూడే. దాచుకునే అరలో మాత్రం అమరావతి పెట్టాను. పసలపూడిని మా పిన్ని పట్టుకెళ్లింది, ఇంకా తిరిగివ్వలేదు.