టర్బో పెట్రోల్ బండికి డైవర్టర్ వాల్వ్: కంపెనీదా, ఆఫ్టర్‌మార్కెట్‌దా?

ముందే చెప్పేస్తా, బండి రీమ్యాప్ (పవర్ పెంచడానికి ఇంజిన్ కంప్యూటర్‌లో సాఫ్ట్‌వేర్ మార్పించడం) చేయించకుండా కంపెనీ ట్యూన్ మీదే నడుపుతుంటే డైవర్టర్ వాల్వ్ జోలికి పోకండి, అది పోయిన రోజు మళ్ళీ ఒరిజినలే వేయించండి. ఎందుకో తెలుసుకోవాలి అనుకునేవాళ్ళు మిగతాది చదవండి. నాది స్కోడా లారా 1.8 టీఎస్ఐ, 160 పీఎస్ ఇంజిన్, సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నా. ఈ ఒక్క బండిలోనే మూడు రకాలు చూశా: పాత ఓనర్ వేయించిన ఊరూ పేరూ లేని ఆన్‌లైన్ సరుకు, దాన్ని తీసేసి వేయించిన ఒరిజినల్, స్టేజ్ 1 (మొదటి మెట్టు) రీమ్యాప్ అయ్యాక ఇప్పుడున్న జీఎఫ్‌బీ అనే కంపెనీ ఆఫ్టర్‌మార్కెట్ వాల్వ్, డీవీ ప్లస్.

తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. టర్బో నిమిషానికి లక్షకి పైనే తిరుగుతూ గాలిని తోస్తుంటుంది, మనం గేర్ మార్చడానికి యాక్సిలరేటర్ వదలగానే థ్రాటిల్ మూసుకుంటుంది, అప్పుడు ఆ ప్రెషర్ గాలికి ముందుకి దారి ఉండదు, వెనక్కి కంప్రెసర్ వీల్ మీదకే వచ్చి తంతుంది. అదే సర్జ్. ఆ టైంలో తెరుచుకుని గాలిని మళ్ళీ టర్బో పీల్చుకునే వైపుకే పంపేది ఈ డైవర్టర్ వాల్వ్. మళ్ళీ తొక్కగానే టక్కున మూసుకోవాలి, బూస్ట్ (టర్బో తోసే గాలి ప్రెషర్) ఉన్నంతసేపూ చుక్క గాలి కూడా లీక్ అవ్వకూడదు. పని ఇంతే కానీ టీఎస్ఐ ఇంజిన్లలో ఇది టర్బో హౌసింగ్ మీదే కూర్చుంటుంది కాబట్టి ఆ వేడీ, ఇంజిన్ బ్రీదర్ గొట్టం నుంచి వచ్చే ఆయిల్ ఆవిరీ రోజూ తింటూనే ఉంటుంది.

"స్టాక్‌ది (అంటే కంపెనీది) ప్లాస్టిక్ అన్నా, ఆగదు" అని ప్రతి ట్యూనింగ్ షాపులోనూ చెప్తారు. సగం నిజం. ఫోక్స్‌వ్యాగన్ గ్రూప్ 2.0 టర్బో ఇంజిన్లలో మొదట్లో వచ్చిన వాల్వ్‌ల్లో రబ్బర్ డయాఫ్రమ్ (పల్చటి పొర) ఉండేది, అది చిరిగిపోతుందని ప్రపంచం మొత్తానికీ తెలుసు, కంపెనీయే తర్వాత పిస్టన్ టైపు తెచ్చింది. 06హెచ్ 145 710 డి అనే పార్ట్ నంబర్‌ది ఆ పిస్టన్ రకమే. అంటే జనం తిట్టేది ఎప్పటిదో పాత డిజైన్‌ని, దాన్ని చూపించి ఇప్పటి పార్ట్‌ని కూడా కలిపి అమ్ముడుపోకుండా చేస్తున్నారు. స్టాక్ బూస్ట్ మీద ఈ పిస్టన్ టైపు నాకైతే ఏ ఇబ్బందీ పెట్టలేదు, మే నెల ఎండలో ట్రాఫిక్‌లో ఇరుక్కున్నా, ఓఆర్ఆర్ మీద గంటసేపు లాగించినా ఒకేలా ఉంది.

అసలు స్టాక్ అంటే వీక్ అనేవాళ్ళకి నేను చెప్పేది అమెరికాలో అమ్మిన మిత్సుబిషి ఎక్లిప్స్ టర్బో కారు సంగతి. 1995 నుంచి 99 మధ్య వచ్చిన మోడల్‌లో ప్లాస్టిక్ వాల్వ్, బూస్ట్ పెంచితే లీక్ అవుతుంది. దానికి అక్కడివాళ్ళు కనిపెట్టిన మందు ఏంటంటే అంతకు ముందు 1990-94 మోడల్‌కి కంపెనీ వేసిన మెటల్ వాల్వ్ స్క్రాప్ బండ్లలోంచి పీకి తెచ్చి వేసుకోవడం! ఆడీ 1.8టీ వాళ్ళు కూడా అంతే, బాష్ 710ఎన్ అనే కంపెనీ పార్టే వెతికి మరీ వేసుకునేవాళ్ళు.

ఇక పాత ఓనర్ వేయించిన సరుకు. చూడ్డానికి ఎర్ర రంగు అల్యూమినియం, మెరుపు ఫుల్లు, లోపల చూస్తే పిస్టన్ లూజు, ఓ-రింగ్ గట్టిపడి బిస్కెట్‌లా విరిగింది. పొద్దున చల్లగా ఉన్నప్పుడు బానే లాగేది, ఇంజిన్ వేడెక్కాక పికప్ పడిపోయేది, కొన్నిసార్లు పీ0299 కోడ్ వచ్చేది, అంటే అండర్‌బూస్ట్. ఒక మెకానిక్ అయితే టర్బోనే పోయింది మార్చాలి అన్నాడు. ఇదే కోడ్ గొట్టం చిరిగినా, వేస్ట్‌గేట్ (టర్బోకి వెళ్ళే ఎగ్జాస్ట్‌ని పక్కకి మళ్ళించే తలుపు) సరిగ్గా మూసుకోకపోయినా, బూస్ట్‌ని కంట్రోల్ చేసే ఎన్75 వాల్వ్ పోయినా వస్తుంది కాబట్టి కోడ్ చూసి ఏదీ మార్చేయకండి, ముందు స్మోక్ టెస్ట్ (గొట్టాల్లోకి పొగ పంపి లీక్ వెతకడం) చేయించండి. నా బండిలో పొగ బయట ఎక్కడా రాలేదు, లీక్ లోపల్లోపలే కాబట్టి రాదు కూడా, అందుకే వాల్వ్ విప్పి చూస్తే తేలింది.

డీవీ ప్లస్ ఆస్ట్రేలియా వాళ్ళది. ఇందులో నాకు నచ్చింది, ఒరిజినల్ కాయిల్‌ని (వాల్వ్‌ని కరెంటుతో తెరిచే భాగం) అలాగే ఉంచి లోపలి కదిలే భాగాన్ని మాత్రం మెటల్ పిస్టన్‌తో మారుస్తుంది, బూస్ట్ ప్రెషరే వెనక నుంచి పిస్టన్‌ని మూసి పట్టుకుంటుంది. రీమ్యాప్ తర్వాత లాగ్ (నడుస్తున్నప్పటి రికార్డు) తీస్తే ఈసీయూ (ఇంజిన్ కంప్యూటర్) అడిగిన బూస్ట్, వచ్చిన బూస్ట్ రెండు గీతలూ దాదాపు ఒకదాని మీద ఒకటి కూర్చున్నాయి. కానీ పవర్ పెరుగుతుందని ఎవరన్నా చెప్తే నమ్మకండి, లీక్ లేని వాల్వ్ తీసేసి లీక్ లేని వాల్వ్ వేస్తే ఏం పెరుగుతుంది? ఇంకోటి, కాయిల్ పాతదే కదా, అది కాలిపోతే ఈ మెటల్ అంతా ఉండి లాభం లేదు, మళ్ళీ ఒరిజినల్ కొనాల్సిందే. ఇంపోర్ట్ డ్యూటీతో రేటు కూడా బాగానే వాయిస్తుంది. ఫోర్జ్ అనే ఇంకో కంపెనీ వాళ్ళ వ్యాక్యూమ్ టైపు కిట్ కూడా చూశా కానీ అదనపు గొట్టాలు, జాయింట్లు, పిస్టన్‌కి అప్పుడప్పుడు క్లీనింగు, గ్రీజు... గొట్టం పెరిగిన ప్రతిచోటా ఇంకో లీక్‌కి అవకాశమే, వద్దనుకున్నా.

సౌండ్ కోసం గాలి బయటికి వదిలే బ్లో ఆఫ్ వాల్వ్ అడిగేవాళ్ళు ఎక్కువ. డల్లాస్‌లో ఉండే మా బాబాయ్ కొడుకు సుబారు డబ్ల్యూఆర్ఎక్స్‌కి వేయించాడు. ఆ బండిలో ఎంఏఎఫ్ సెన్సర్ గాలిని ముందే లెక్కపెట్టేస్తుంది, లెక్కపెట్టిన గాలిని నువ్వు బయట పారబోస్తే ఈసీయూ మాత్రం ఉందనుకుని పెట్రోల్ పోస్తుంది, గేర్ మార్చిన ప్రతిసారీ ఇంజిన్ తడబడి, సైలెన్సర్‌లో టపటపలు. వాడు మళ్ళీ స్టాక్‌కే వచ్చేశాడు. మన దగ్గర ఇంకా విచిత్రం, స్విఫ్ట్ డీజిల్‌కి కరెంటుతో తెరుచుకునే బ్లో ఆఫ్ పెట్టించుకుంటారు. డీజిల్లో పెట్రోల్ బండిలా మూసుకునే థ్రాటిల్ ఉండదు బాబూ, దానికి ఈ వాల్వ్ అవసరమే లేదు, ఆ డబ్బుతో మంచి హారన్ కొనుక్కో.

కొనేవాళ్ళకి: ఒరిజినల్ అయితే ఛాసిస్ నంబర్ ఇచ్చి పార్ట్ నంబర్ కన్ఫర్మ్ చేసుకుని తీసుకోండి, బాక్స్ మీద లోగో చూసి మోసపోవద్దు, డూప్లికేట్లు బాక్సుతో సహా దొరుకుతున్నాయి. వేసేటప్పుడు హౌసింగ్ మీద వాల్వ్ కూర్చునే చోట ఆయిల్ మడ్డి తుడిచి, ఓ-రింగ్ మెలిక పడకుండా పెట్టి, మూడు స్క్రూలూ సమంగా బిగించమనండి, అల్యూమినియం హౌసింగ్ కాబట్టి బలం చూపిస్తే మర పోతుంది. రీమ్యాప్ చేయించినవాళ్ళకి డీవీ ప్లస్‌కి ఐదుకి నాలుగు, మామూలు బండికి ఒరిజినల్‌కి నాలుగున్నర, ఆ ఎర్ర రంగు దానికి సున్నా కూడా ఎక్కువే.