ఎన్‌సీసీ ఆఫీసరా, టెరిటోరియల్ ఆర్మీయా, ఎన్ఎస్ఎస్సా: అధ్యాపకులకు ఏది మేలు?

కాలేజీలో కొత్తగా చేరిన లెక్చరర్లు తరచూ నన్ను అడిగే ప్రశ్న ఇది. "ప్రిన్సిపల్‌గారు ఎన్‌సీసీ చూసుకోమంటున్నారు సార్, ఒప్పుకోమంటారా? ఎన్ఎస్ఎస్ అయితే తేలిక కదా? యూనిఫాం మీదే మోజుంటే టెరిటోరియల్ ఆర్మీకి వెళ్లొచ్చు కదా?" మూడింటినీ ఒకే గాటన కట్టి అడుగుతారు. ఎన్ఎస్ఎస్ (జాతీయ సేవా పథకం) ప్రోగ్రామ్ ఆఫీసర్‌గానూ, ఎన్‌సీసీ (నేషనల్ క్యాడెట్ కోర్) ఆఫీసర్‌గానూ పనిచేసినవాణ్ని కాబట్టి నాకు తోచింది చెబుతాను.

టెరిటోరియల్ ఆర్మీ సంగతి త్వరగా తేలిపోతుంది, దానితోనే మొదలుపెడదాం. 1949 అక్టోబర్ 9న అప్పటి గవర్నర్ జనరల్ రాజగోపాలాచారి ప్రారంభించిన ఈ దళం అచ్చమైన సైన్యం. సొంత సంపాదన ఉన్న పట్టభద్రులు 18 నుంచి 42 ఏళ్ల మధ్య దరఖాస్తు చేసుకోవచ్చు. రాతపరీక్ష, ఆపైన ఎస్ఎస్‌బీ, అంటే సైన్యం ఆఫీసర్లను ఎంపిక చేసే బోర్డు పరీక్షలు ఉంటాయి. ఎంపికైతే మొదటి ఏడాది నెలరోజుల ప్రాథమిక శిక్షణ, ఏటా రెండు నెలల క్యాంపు, మొదటి రెండేళ్లలోపు మూడు నెలల శిక్షణ. ఆ తర్వాత దేశానికి అవసరం పడినప్పుడు పిలుపు వస్తుంది, చేస్తున్న ఉద్యోగం పక్కన పెట్టి వెళ్లాలి. 2025 మే నెలలో పాకిస్తాన్‌తో ఉద్రిక్తత పెరిగినప్పుడు ఈ దళాన్ని రప్పించే అధికారాన్ని కేంద్రం సైన్యాధిపతికి ఇచ్చిన సంగతి పేపర్లలో చూసే ఉంటారు.

అక్కడ మీ కింద ఉండేది జవాన్లు. విద్యార్థులు కాదు. పిల్లలను తీర్చిదిద్దాలన్న కోరికతో టెరిటోరియల్ ఆర్మీకి వెళ్తే ఆ కోరిక తీరదు, సైనికుడిగా నిలబడాలన్న కోరిక తీరుతుంది. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసుకునే నా పాత విద్యార్థులు అడిగితే మాత్రం దీన్నే చెబుతాను. ఎందుకంటే ఎన్‌సీసీ ఆఫీసర్ కావాలంటే ఎన్‌సీసీ యూనిట్ ఉన్న స్కూల్లోనో కాలేజీలోనో పాఠం చెప్పేవారై ఉండాలి. బయటివారికి ఆ దారి లేదు.

ఇక అధ్యాపకుల ముందు మిగిలేవి రెండు. ఎన్ఎస్ఎస్ 1969 సెప్టెంబర్ 24న, గాంధీజీ శతజయంతి సంవత్సరంలో, 37 విశ్వవిద్యాలయాల్లో మొదలైంది. మామూలుగా యూనిట్‌కు వందమంది వాలంటీర్లు ఉంటారు. ఒక్కొక్కరు ఏడాదికి 120 గంటల చొప్పున రెండేళ్లలో 240 గంటలు సేవ చేయాలి, దత్తత గ్రామంలో వారం రోజుల ప్రత్యేక శిబిరం కూడా ఉంటుంది. ప్రోగ్రామ్ ఆఫీసర్‌కు శిక్షణ కొద్దిరోజులే. ఇందులో నాకు బాగా నచ్చింది స్వేచ్ఛ. ఏ ఊరు తీసుకోవాలి, అక్కడ బడి గోడలకు సున్నం వేయించాలా, రక్తదాన శిబిరం పెట్టాలా, ముసలివాళ్లకు పింఛను కాగితాలు రాసిపెట్టాలా అన్నది చాలావరకు మీ చేతిలోనే ఉంటుంది. అదే దాని బలహీనత కూడా. ఆఫీసర్‌కు మనసుంటే ఊరు గుర్తుపెట్టుకునే పని జరుగుతుంది. మనసు లేకపోతే చీపుళ్లు పట్టుకుని ఫొటో దిగి అందరూ బస్సెక్కుతారు.

ఎన్‌సీసీలో అలా కుదరదు. 1948 నాటి చట్టంతో ఏర్పడిన సంస్థ ఇది. సిలబస్, పరేడ్, క్యాంపు, పరీక్ష అన్నీ పైనుంచి వస్తాయి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండింటికీ కలిపి డైరెక్టరేట్ సికింద్రాబాద్‌లో ఉంది. దాని కింద వరంగల్, విశాఖ, కాకినాడ, గుంటూరు, తిరుపతి, కర్నూలు లాంటి చోట్ల గ్రూప్ హెడ్‌క్వార్టర్లు, వాటి కింద బెటాలియన్లు. కాలేజీలో ఉండే మనలాంటివాళ్లను అసోసియేట్ ఎన్‌సీసీ ఆఫీసర్ అంటారు, వాడుకలో ఏఎన్ఓ. ప్రిన్సిపల్ పేరు సిఫార్సు చేస్తారు. ఇంటర్వ్యూ, వైద్య పరీక్ష అయ్యాక ప్రీ-కమిషన్ కోర్సుకు పంపుతారు. మగవాళ్లకు నాగపూర్ దగ్గర కామ్‌ఠీలో, ఆడవాళ్లకు గ్వాలియర్‌లో. అప్పటిదాకా యూనిట్‌ను కేర్‌టేకర్‌గా చూసుకోవచ్చు. కోర్సు పూర్తయితే కాలేజీ ఆర్మీ వింగ్‌లో లెఫ్టినెంట్ హోదా వస్తుంది, ఏళ్లు గడిచేకొద్దీ కెప్టెన్, మేజర్. హైస్కూల్ టీచర్లకైతే థర్డ్ ఆఫీసర్‌తో మొదలు. భుజం మీద నక్షత్రాలున్నా యుద్ధానికి వెళ్లాల్సిన బాధ్యత లేదు, ఆ మాట చట్టంలోనే ఉంది. ఇంట్లోవాళ్లకు ముందు చెప్పాల్సిన సంగతి ఇదే, వాళ్ల టెన్షన్ సగం అక్కడే తగ్గుతుంది.

ఆ కోర్సు గురించి కాస్త వివరంగా చెప్పాలి. నెలల తరబడి ఇల్లు వదిలి ఉండాలి. ముప్పై ఐదేళ్ల వయసులో, ఎంఏ, పీహెచ్‌డీ చేసిన మనిషి తెల్లవారకముందే లేచి పీటీకి పరిగెత్తాలి. బూట్లు మెరిసేలా పాలిష్ చేసుకోవాలి. రైఫిల్ విప్పి మళ్లీ బిగించాలి. పరేడ్ కమాండ్లన్నీ హిందీలోనే. క్లాసులో తెలుగు, ఇంగ్లీషు మాట్లాడి అలవాటైన గొంతు "సావధాన్", "విశ్రామ్", "తేజ్ చల్" అని మైదానం అంచు దాకా వినిపించేలా అరవడానికి కొన్నాళ్లు పడుతుంది. అది అవమానం కాదు. పాఠాలు చెప్పేవాడు మళ్లీ నేర్చుకునేవాడు అవ్వడం మంచిదని నమ్ముతాను. కోర్సు నుంచి తిరిగొచ్చిన లెక్చరర్లు క్లాసులో కూడా మారతారు, వెనక బెంచీ పిల్లాణ్ని చూసే చూపులో ఓపిక కనిపిస్తుంది.

తిరిగొచ్చాక ఉండే పనిలో సగం కాగితాలే. ఎన్‌రోల్‌మెంట్ ఫారాలు, తల్లిదండ్రుల అంగీకార పత్రాలు, పిల్లల బ్యాంకు ఖాతాలు, యూనిఫాం కొలతలు. డ్రిల్, ఆయుధ శిక్షణలో బెటాలియన్ నుంచి వచ్చే సైన్యం వాళ్లు శిక్షకులుగా (పీఐ స్టాఫ్) తోడుంటారు. కానీ నల్లగొండ దగ్గరి పల్లెలో ఉండే తండ్రికి ఫోన్ చేసి "అమ్మాయిని పది రోజుల క్యాంపుకు పంపండన్నా, బాధ్యత మాది" అని నమ్మకం కలిగించాల్సింది మాత్రం మీరే. బెటాలియన్‌కు క్యాడెట్లు కావాలి, ప్రిన్సిపల్‌కు సిలబస్ పూర్తికావాలి. ఈ రెండింటి మధ్య నలిగేది ఏఎన్ఓ. గౌరవ వేతనం ఇస్తారు గానీ ఆ డబ్బు చూసి ఎవరూ రాకూడదు. ఎన్నో ఆదివారాలు, వేసవి సెలవుల్లో కొంత భాగం పోతాయి.

ఇంత కష్టమైనా నేను ఎన్‌సీసీ వైపే ఎందుకు మొగ్గుతానంటే, పిల్లవాడి చేతికి దక్కేదాన్ని బట్టి. కాలేజీలో మూడేళ్లు చేసి సి సర్టిఫికెట్ పరీక్షలో కనీసం బి గ్రేడు, డిగ్రీలో 50 శాతం మార్కులు తెచ్చుకున్న క్యాడెట్, మిగతా అర్హతలుంటే, సైన్యంలో ఆఫీసర్‌గా చేరే ఆర్మీ ఎన్‌సీసీ స్పెషల్ ఎంట్రీకి దరఖాస్తు పెట్టుకోవచ్చు. రాతపరీక్ష ఉండదు. దరఖాస్తు వడపోతలో నిలిస్తే నేరుగా ఎస్ఎస్‌బీకి పిలుస్తారు, నెగ్గితే శిక్షణ చెన్నైలోని ఆఫీసర్స్ ట్రైనింగ్ అకాడమీలో. కోచింగ్‌కు ఫీజు కట్టలేని ప్రభుత్వ డిగ్రీ కాలేజీ పిల్లలకు ఇది ఎంత పెద్ద మెట్టో ఆలోచించండి. అగ్నివీర్ నియామకాల్లో అదనపు మార్కులు, ఎంసెట్ తరహా ప్రవేశాల్లో ఎన్‌సీసీ కోటా ఉండనే ఉన్నాయి. ఎన్‌సీసీని ఆరు సెమిస్టర్లలో 24 క్రెడిట్ల కోర్సుగా పెట్టొచ్చని 2021లో యూజీసీ విశ్వవిద్యాలయాలకు సూచించింది. ఎన్ఎస్ఎస్ సర్టిఫికెట్‌కూ విలువ ఉంది, ఉద్యోగానికి ఇంత సూటిగా దారి చూపేది మాత్రం ఎన్‌సీసీయే.

అలాగని అందరికీ ఎన్‌సీసీ చెప్పను. పైనుంచి వచ్చే ఆదేశం వింటే చిరాకు పడే స్వభావమైతే, లేదా మీ మనసంతా ఊళ్ల మీదా, నీళ్ల మీదా, ఆరోగ్యం మీదా ఉంటే, ఎన్ఎస్ఎస్ తీసుకోండి, అక్కడే మీరు బాగా పనిచేస్తారు. చంటిపిల్లలున్న ఇల్లు, మంచం పట్టిన తల్లిదండ్రులు ఉన్నవాళ్లు కూడా కామ్‌ఠీ, గ్వాలియర్ ప్రయాణం గురించి ఇంట్లో కూర్చుని మాట్లాడుకోకుండా సంతకం పెట్టకూడదు. ఇల్లు ఒప్పుకోకపోతే రెండేళ్లు ఎన్ఎస్ఎస్ చేసి తర్వాత మారొచ్చు. మరీ ఆలస్యం చేస్తే మాత్రం వయసు పరిమితి, మోకాళ్లు రెండూ అడ్డొస్తాయి.

మహిళా లెక్చరర్లకు ప్రత్యేకంగా ఒక మాట. ఆడపిల్లల్ని క్యాంపుకు పంపాలంటే తల్లిదండ్రులు మొదట అడిగేది "తోడు మేడమ్ ఎవరొస్తున్నారు?" అనే. కాలేజీలో మహిళా ఏఎన్ఓ లేకపోతే ఎంతోమంది అమ్మాయిల పేర్లు క్యాంపు జాబితా నుంచి అక్కడే తప్పిపోతాయి. మీ కాలేజీలో ఆ కుర్చీ ఖాళీగా ఉండి, మీ ఆరోగ్యం, మీ ఇల్లు సహకరిస్తే, మూడింటిలో ఏది మేలని ఇంకెవరినీ అడగక్కర్లేదు. ముందు మీ బెటాలియన్ ఆఫీసుకు వెళ్లి వచ్చే ప్రీ-కమిషన్ కోర్సు ఎప్పుడో, పేరు ఎప్పటిలోగా పంపాలో కనుక్కోండి. ఆ తేదీ చేతిలో పెట్టుకుని ప్రిన్సిపల్ దగ్గరికి వెళ్తే, మీ క్లాసులు ఎవరు చూడాలన్నది అక్కడికక్కడే తేల్చుకోవచ్చు.