రస్సెల్–కోపుల్‌స్టన్, హిచెన్స్–క్రెయిగ్: ఏ డిబేట్ వినాలి?

బెంగళూరు మారతహళ్లిలో మా గదిలో ఆదివారం పొద్దున్నే మొదలవుతుంది. బావ చర్చికి తయారవుతుంటే, తమ్ముడు దుప్పట్లోంచే "దేవుణ్ణి అడిగానని చెప్పు బావా" అంటాడు. దేవుడున్నాడా లేడా అన్నదాని మీద ఈ ఇద్దరూ కలిసి వినదగ్గ డిబేట్లు నా లెక్కలో రెండు.

మొదటిది 1948లో బీబీసీ రేడియోలో తత్వవేత్త బెర్ట్రండ్ రస్సెల్‌కీ, జెస్యూట్ (ఓ క్యాథలిక్ సంఘం) ఫాదర్ ఫ్రెడరిక్ కోపుల్‌స్టన్‌కీ జరిగింది. ఈలలు లేవు, చప్పట్లు లేవు. లోకంలో ప్రతిదీ మరొకదాని మీద ఆధారపడింది కాబట్టి, దేనిమీదా ఆధారపడనిది ఒకటి ఉండితీరాలని ఫాదర్ వాదన. ప్రతి మనిషికీ తల్లి ఉన్నంత మాత్రాన మానవజాతి మొత్తానికి ఒక తల్లి ఉండాలా అని రస్సెల్ ఎదురు ప్రశ్న. విశ్వం ఉంది, అంతే అంటాడు. అది ఎందుకుందని అడగడంలో అర్థముందా అన్నచోట బండి ఆగిపోతుంది. పైగా రస్సెల్ దేవుడు లేడని తేల్చలేదు, ఉన్నాడో లేడో తెలియదనే అజ్ఞేయవాదినన్నాడు. తమ్ముడికి అదే మింగుడుపడదు.

రెండోది 2009లో కాలిఫోర్నియాలోని బయోలా యూనివర్సిటీలో నాస్తిక రచయిత క్రిస్టఫర్ హిచెన్స్, క్రైస్తవ తత్వవేత్త విలియం లేన్ క్రెయిగ్ తలపడ్డది. అది క్రైస్తవ విద్యాసంస్థ, హాల్లో ఎవరి మనుషులెక్కువో వేరే చెప్పాలా! విశ్వానికి ఆరంభం, నైతికత, యేసు పునరుత్థానం అంటూ క్రెయిగ్ వరసపెట్టి పేరుస్తాడు. హిచెన్స్ వాటికి సూటిగా జవాబివ్వడం కన్నా మతాలు చేసిన చెరుపు మీదికే ఎక్కువ వెళ్తాడు. చమత్కారం మాత్రం ఆయనదే.

వాదన నడక తెలియాలంటే మొదటిదే నా ఓటు. రెండోది రెండు గంటలు దాటుతుంది, సిల్క్ బోర్డు జామ్‌లో ఇరుక్కున్న రోజుకి ఉంచుకోండి.