పొందిక తెలిసిన పట్టుచీరల కొట్టు, బరంపురం

మా అమ్మాయికి పెళ్లిచీర, పెళ్లికొడుకుకు పట్టు పంచెల జోడు కొనడానికి మేము ఒడిశాలోని పర్లాకిమిడి నుంచి బరంపురం రెండుసార్లు వెళ్లవలసి వచ్చింది. మొదటిసారి వెళ్లిన కొట్టు పెద్దది, గాజు తలుపులది. అక్కడ ట్యూబులైటు వెలుగులో మెరూన్‌గా కనిపించిన రవిక గుడ్డ, ఇంటికి తెచ్చి కిటికీ పక్కన చీర అంచు మీద పరిచేసరికి ఇటుక రంగులోకి తిరిగింది. మార్చమని ఫోనులో అడిగితే, కోసిన గుడ్డ వెనక్కి తీసుకోబోమని, పెళ్లిలో అంత తేడా ఎవరూ చూడరని, సర్దుకోమని చెప్పారు. ఆ "సర్దుకోండి" అన్న మాట నన్ను చాలా బాధపెట్టింది. ఉన్నదానితో, లేనిదాన్ని మరిచిపోయి గడుపుకోవడం సర్దుబాటు. పెళ్లిచీర దగ్గర ఎవరూ కోరుకునేది అది కాదు.

రెండోసారి, బంధువులు చెప్పిన మీదట, బడా బజారు వైపు సందులో ఉన్న ఒక చిన్న కొట్టుకు వెళ్లాము. ఆరుగురు కూర్చుంటే ఏడో మనిషికి చోటు ఉండదు. కొట్టు నడిపేది కొడుకైనా చీర చూపించేది మాత్రం ఆయన తల్లి. మాది తెలుగని తెలియగానే తెలుగులోకి దిగారు. నేను తీసుకెళ్లిన చీరను, ఆ రవిక గుడ్డను ఆమె చేతిలోకి తీసుకుని, లేచి గుమ్మం దాకా వెళ్లి, ఎండలో ఒకదాని మీద ఒకటి వేసి చూశారు. "చీర పిల్లకి నప్పుతాది తల్లీ, రవికతోనే పొందిక కుదరలేదు" అన్నారు.

ఆ ఒక్క వాక్యంలో ఆమె చూపిన తేడాను నేను అంతకు ముందు ఆలోచించలేదు. నప్పడం చీరకూ కట్టుకునే మనిషికీ మధ్య జరిగేది. పొందిక చీరలోనే, అంచుకూ కొంగుకూ రవికకూ మధ్య ఉండవలసినది. నిఘంటువులో పొందిక పక్కన అమరిక, కూర్పు, సామరస్యం అని వరసగా కనిపిస్తాయి గాని, నోటి వాడుకలో అవి ఒకదాని చోట ఒకటి కూర్చోవు. రెండు కుటుంబాల మధ్య సామరస్యం ఉందంటాము, చీరకూ రవికకూ సామరస్యం ఉందని ఎవరూ అనరు. పూసలకైతే కూర్పు, జాతకాలకైతే పొంతన. ఆ పొంతన మాటల దగ్గరికి వచ్చేసరికి ఎక్కువగా "లేదు" అన్నదానితోనే వస్తుంది. పొందిక మాత్రం వంటింటి అలమరకూ, మనిషి నడవడికకూ, పద్యానికీ, పట్టుకూ సరిపోతుంది. అదే సమయంలో కొడుకు పక్కనున్న ఒడియా దంపతులతో "మేళ ఖాఉఛి" అంటున్నారు, రంగులు కలిశాయని అర్థం. మన మేళవింపులోని మేళమే అది.

బరంపురం పట్టుకు ఈ మాట ఇంతగా అవసరపడడానికి కారణం దాని నేతలోనే ఉంది. 2012లో భౌగోళిక గుర్తింపు పొందిన ఈ ఫోడా కుంభ చీరకు అంచు పొడవునా గుడి శిఖరాల్లాంటి కుంభాలు చీర ఒడలిలోకి పొడుచుకుని వస్తాయి. చీరను నిలువునా మడిచినప్పుడు పై అంచు కుంభాల మొనలు కింది అంచు మొనల మీదికి సరిగ్గా రావాలి. మామ్మగారు ప్రతి చీరనూ అలా మడిచి, మొన మీద మొన పెట్టి, గోటితో తడుతూ కొంగు దాకా వచ్చారు. మేము ఇష్టపడిన పసుపు చీరలో కొంగుకు దగ్గరగా ఒక కుంభం అర అంగుళం పక్కకు జరిగి ఉందని మేము అడగకుండానే చూపించి, దాన్ని పక్కన పెట్టేశారు. మాకు కనిపించని లోపం అది, చెప్పకపోతే కొనేసేవాళ్లం. ఈ కొట్టు మీద నాకు నమ్మకం కుదిరింది అక్కడే.

చివరికి 12,500 రూపాయలకు ఎర్ర అంచు ఆకుపచ్చ చీర, 6,800కు జోడు తీసుకున్నాము. బేరం లేదు, మేమూ పట్టుబట్టలేదు. నేను తీసుకెళ్లిన చీరకు రవిక గుడ్డ వెతకడానికి ఆమె దాదాపు అరగంట వెచ్చించి, ఏడెనిమిది ముక్కలను ఎండలో పరిచి చూసి, అంచు రంగు కన్నా ఒక పాలు ముదురుగా ఉన్నదాన్ని ఎంచారు. అచ్చంగా అదే రంగు అయితే అంచు అణిగిపోతుందట. పొందిక అంటే ఒకే రంగు కావడం కాదని అంతవరకూ నాకూ తెలియదు.

లోపాలు లేకపోలేదు. రెండు రోజుల్లో ఫాల్ కుట్టి ఇస్తామన్న చీర ఐదో రోజుకు గాని అందలేదు. పెళ్లి దగ్గర పడినవారు కుట్టుపని బయట చేయించుకోవడమే మేలు. బిల్లు ఒడియాలో మాత్రమే ఇస్తారు, అడిగితే వివరంగా చదివి చెబుతారు. మడత విషయంలో మాత్రం మామ్మగారు ఎవరినీ ముట్టుకోనివ్వరు, జరీ విరగకుండా తానే మడిచి ఇస్తారు, దానికి సమయం పడుతుంది.

వెళ్లదలచుకున్నవారు ఉదయం పదకొండు లోపు వెళ్లండి. ఆ వేళ ఎండ గుమ్మం దాటి చాప అంచు వరకు వస్తుంది, చీరను ఆమె అక్కడే విప్పుతారు.