‘జమీందారు లోగిలి’లో రెండు రోజులు గడపాలని ముచ్చటపడుతున్నారా? డబ్బు కట్టేముందు ఇది చదవండి

రూ. 1,33,930. రెండు గదులు, రెండు రాత్రులు. అంత సొమ్ము ధారపోసి మా కుటుంబం అక్కడ వెలగబెట్టింది ఏమిటంటే, ముక్కూమొహం తెలియని ఒక జంట పెళ్ళికి ముందు తీయించుకుంటున్న వీడియోలో ఊరి జనం వేషం. పారితోషికం లేదు సరికదా, ఎదురు మేమే ఇచ్చాం. నిన్న రాత్రే ఇంటికి చేరాం, ఒళ్ళు ఇంకా మండుతోంది. వరస తప్పితే సర్దుకుని చదువుకోండి.

ఆ రిసార్టు ఏదో మీలో సగం మందికి ఈపాటికి అర్థమై ఉంటుంది. రావులపాలెం దాటాక కొబ్బరితోటల మధ్య, ఇత్తడి గంగాళంలో తామరపూలు తేలుతూ కనిపించే ఆ రీలు మీ ఫోనులోకి రాకుండా ఉండదు. ‘1940ల నాటి కోనసీమ జమీందారు ఇంటికి చుట్టాలుగా రండి’ అని పిలుపు. వెళ్ళగానే కాళ్ళకు నీళ్ళు, కట్టుకోవడానికి పంచెలు, చీరలు, పలకరించడానికి దివానుగారు, సాయంత్రం హరికథ, మండువాలో వాన, రాత్రి వెన్నెల భోజనం. మామయ్యగారికి ఈమధ్యే డెబ్బై అయిదు నిండాయి. ఆయన పుట్టి పెరిగింది అమలాపురం పక్కన అచ్చం అలాంటి ఇంట్లో. అన్నదమ్ముల పంపకాల్లో అది ఎప్పుడో చేతులు మారి, ఇప్పుడక్కడ మూడంతస్తుల మేడ లేచింది. పుట్టినరోజుకు ఇంతకంటే మంచి కానుక ఏముంటుందని మావారు, నేను మురిసిపోయాం. వద్దన్నది అత్తయ్య ఒక్కరే. ‘ఆ ఇంట్లో పాతికేళ్ళు చాకిరీ చేశాను, మళ్ళీ డబ్బిచ్చి చూడాలా?’ అన్నారు.

ధర సంగతి ముందు చెప్పేస్తాను. గదికి రాత్రికి రూ. 24,000 అని సైటులో పెద్ద అక్షరాలు. వివరాలన్నీ నింపి చివరి పేజీకి వెళ్ళాక మనిషికి రూ. 3,500 చొప్పున ‘అనుభవ రుసుము’ వచ్చి కూర్చుంది. అయిదుగురికి 17,500. ఆ పైన మొత్తానికి 18 శాతం జీఎస్టీ. గది అద్దె రూ. 7,500 దాటితే పన్ను అంతే, అందులో వాళ్ళను అనడానికి లేదు. మొదట ఒక ధర చూపించి డబ్బు కట్టే దగ్గర ఇంకో రుసుము తగిలించడం మాత్రం, 2023 నవంబరులో సీసీపీఏ (వినియోగదారుల హక్కులు కాపాడే కేంద్ర సంస్థ) ఇచ్చిన మార్గదర్శకాల్లో కూడదని రాసిన పద్ధతే. దర్జాగా చేస్తున్నారు.

మండువా లోగిలి ఎలా ఉంటుందో చూడనివారికి ఒక్క మాట. నాలుగు వైపులా వసారాలు, నాలుగు వైపుల నుంచీ లోపలికి వాలిన పెంకుల కప్పు, నడిమధ్య ఆకాశం. వాన వస్తే నాలుగు చూరుల నీళ్ళూ నడిమి గుంటలో పడి, తూములోంచి బయటికి పోతాయి. పిల్లలు అందులో తడుస్తారు, పెద్దలు వసారాలో కూర్చుని కేకలేస్తారు. మామయ్యగారు మా వాడికి ఎన్నిసార్లు చెప్పినా విసుగు రాని కథ ఇదే. రిసార్టులో ఆ ఆకాశాన్ని కాస్తా పారదర్శకమైన ప్లాస్టిక్ రేకుతో మూసేశారు. ఏసీ చల్లదనం బయటికి పోకుండానట. రేకు అంచుల వెంట చిల్లుల గొట్టం, దానికో స్విచ్చు. స్విచ్చు వేస్తే వాన. స్తంభాల మీద చెక్కడాలు ముచ్చటగా ఉన్నాయే అని వేలితో తట్టి చూస్తే డొల్ల చప్పుడు వచ్చింది. ఫైబరు. ఇదంతా నేను సర్దుకుపోయేదాన్నే. నాటకం బాగుంటే తెర మీద రంగు వెలిసిందని ఎవరు చూస్తారు?

కానీ నాటకం ఆడేవారేరీ? దివానుగారి వేషంలో వచ్చిన అబ్బాయి వంగి దండం పెట్టి, ‘అయ్యగారూ, శిస్తు లెక్కలు చూస్తారా?’ అన్నాడు. మామయ్యగారికి హుషారు వచ్చింది. ‘అలాగే కానీ, ఈ ఏడు దాళ్వా ఎంత పండింది?’ అని అడిగారు. అబ్బాయి బిక్కమొహం వేశాడు. దాళ్వా అంటే రెండో కారు వరిపంట అని అతనికి ఎవరూ చెప్పలేదు. రాత్రి అన్నం వడ్డించింది అతనే, మర్నాడు పొద్దున గదులు సర్దించిందీ అతనే, చివరికి బిల్లు చేతికిచ్చిందీ అతనే. ఆ అబ్బాయిని ఏమీ అనను. ఒక జీతానికి నాలుగు వేషాలు కట్టించిన పెద్దమనుషులను అనాలి. హరిదాసుగారికి ఒంట్లో బాగా లేదని హరికథ స్పీకరులో వినిపించారు. ఇక ‘జమీందారీ భోజనం’ పట్టికలో పులస పులుసు అని ఉంది. వేసవి సెలవుల్లో పులస! వానాకాలంలో గోదావరికి ఎర్రనీళ్ళు వస్తే కదా ఆ చేప సముద్రంలోంచి ఎదురెక్కేది. మామయ్యగారు ఒక ముక్క తిని, మారు మాట్లాడకుండా పెరుగు వేసుకున్నారు.

ఇవన్నీ చిల్లర సంగతులు. అసలు దెబ్బ రెండో రోజు సాయంత్రం.

వాన వేళ అయిదున్నర అని గుమ్మం దగ్గర పలక మీద సుద్దతో రాసి ఉంది. మా వాడు మధ్యాహ్నం నుంచే నిక్కరు వేసుకుని తయారు. మామయ్యగారు కూడా పంచె ఎగ్గట్టుకుని వసారాలో పీట వేసుకున్నారు. అయిదు దాటగానే పెట్టెలు, లైట్లు, గొడుగులు, ఒక డ్రోను పట్టుకుని ఓ పటాలం లోపలికి దిగింది. మా ఫోనులన్నీ ‘కాలంలో వెనక్కి వెళ్ళాలి’ అని చెక్కపెట్టెలో పెట్టించి తాళం వేశారు. వాళ్ళ డ్రోను మాత్రం 1940లో హాయిగా ఎగరవచ్చు కాబోలు.

చెవికి ఏదో తగిలించుకున్న ఒకాయన ముందు మమ్మల్ని పక్కకు జరగమన్నాడు. జరిగాం. కాసేపటికి ఆయనకు ఇంకో ఆలోచన వచ్చింది. మామయ్యగారిని ఎగాదిగా చూసి, ‘తాతగారూ, మీరు ఎలాగూ పంచెలోనే ఉన్నారు కదా, ఆ అరుగు చివర కూర్చోండి, వెనకాల నిండుగా ఉంటుంది. అమ్మా, మీరు ఈ చాట పట్టుకుని చెరుగుతున్నట్టు ఊపండి’ అన్నాడు. ఖాళీ చాట. నిజంగానే తెచ్చి అత్తయ్య చేతికి ఇచ్చాడు. ‘నేను చెప్పానా’ అన్నట్టు ఆవిడ నా వంక చూసిన చూపు ఇక్కడ రాయలేను. మామయ్యగారేమో పెళ్ళి చేసుకోబోయే పిల్లలు కదా, పోనీలెమ్మని నవ్వుతూ వెళ్ళి కూర్చున్నారు.

స్విచ్చు వేశారు. వాన మొదలైంది. ఎర్రచీర అమ్మాయి, తెల్లపంచె అబ్బాయి, గిర్రున తిరిగే గొడుగు. బాగా రాలేదట, మళ్ళీ తీశారు. రెండోసారి నీళ్ళు పడుతుంటే మా వాడు ఆగలేక గుంట అంచుకు పరుగెత్తాడు. రిసార్టు మనిషి వాడి రెక్క పట్టుకుని వెనక్కి లాగి, ‘బాబూ, ఇది వాళ్ళ వాన’ అన్నాడు.

ఇది వాళ్ళ వాన!

పదేళ్ళ పిల్లవాడికి దీని అర్థం ఏమని చెప్పాలి? వాడు నా దగ్గరకు వచ్చి ‘మరి మన వాన ఎప్పుడమ్మా?’ అని అడిగాడు. నేను కూడా వాళ్ళ పని అయ్యాక మనదేలే అని చెప్పాను. మూడోసారి తీస్తుండగా గొట్టం గురగురమని ఆగిపోయింది. ట్యాంకు ఖాళీ. మళ్ళీ రేపటికి గానీ నిండదట. రేపు పొద్దున పదింటికల్లా మేము గదులు ఖాళీ చేయాలి.

మేనేజరు గదికి వెళ్ళాను. అక్కడ ఏసీ, కంప్యూటరు, కాఫీ యంత్రం, అన్నీ ఈ శతాబ్దానివే. ఆయన గొంతు పెంచలేదు. పెంచి ఉంటే నాకు ఇంత కోపం వచ్చేది కాదేమో. ‘మేడమ్, మీది అనుభవం ప్యాకేజీ, వాళ్ళది ప్రాంగణం ప్యాకేజీ. ప్రాంగణం గంటల లెక్కన ఇస్తాం’ అన్నాడు. మరి మేము కట్టింది దేనికి అంటే, ‘గదులకు మేడమ్. లోగిలి అందరిదీ.’ వాన మీ పట్టికలో ఉంది కదా అంటే, ‘పడింది కదా మేడమ్, మీరు చూశారు కదా.’

ఇంత చక్కటి జవాబు ఏ వకీలూ చెప్పలేడు. వాన పడుతుందని రాశారు గానీ మీ మీద పడుతుందని రాయలేదు!

మా పెద్దవాళ్ళను అలా వీడియోలో కూర్చోబెట్టారేమిటని నిలదీశాను. ‘ఆయనే సంతోషంగా కూర్చున్నారు మేడమ్. కావాలంటే క్లిప్పు పంపిస్తాం. మామూలుగా దానికి రుసుము ఉంటుంది, మీకు తీసుకోం’ అన్నాడు. ఉదారత! తరవాత నిబంధనల్లో 14వ అంశం చూడమని వేలు పెట్టి చూపించాడు. ‘ప్రాంగణంలో చిత్రీకరణలు జరగవచ్చు, అతిథులు సహకరించగలరు’ అని ఉంది. నిజమే, ఉంది. చీమ తలకాయంత అక్షరాలతో, ఈత కొలను వేళలకూ పెంపుడు కుక్కల నియమాలకూ మధ్య. డబ్బు వెనక్కి ఇవ్వమంటే రెండు డబ్బాల పూతరేకులు ఇస్తామన్నాడు, మళ్ళీ వస్తే 15 శాతం తగ్గింపు అట. ఆ వీడియోలోంచి మామయ్యగారిని, అత్తయ్యను తీసేయమని రాసి ఇచ్చాను, ఇప్పటిదాకా ఉలుకూ పలుకూ లేదు.

వచ్చేటప్పుడు విడిగా తాగిన కాఫీల బిల్లులో 10 శాతం సర్వీసు ఛార్జీ కలిపి ఇచ్చారు. అది మన ఇష్టం మీద ఇచ్చేదే తప్ప వాళ్ళంతట వాళ్ళు బిల్లులో కలపకూడదని 2022 జులైలోనే మార్గదర్శకాలు వచ్చాయి, ఢిల్లీ హైకోర్టు 2025 మార్చిలో వాటిని సమర్థించింది. ఈ ముక్క మావారు అనగానే నిమిషంలో తీసేసి కొత్త బిల్లు ఇచ్చారు. అంటే తెలిసే కలుపుతున్నారు, అడగనివారి దగ్గర పుచ్చుకుంటున్నారు. గుమ్మం దాటేముందు ఒక టాబ్లెట్టు మొహం ముందు పెట్టి, అయిదు నక్షత్రాలు ఇస్తే అరిసెల పొట్లం అన్నారు. ఆ సైటులో 4.7 రేటింగు ఎక్కడి నుంచి వచ్చిందో ఇప్పుడు అర్థమైంది.

అసలు ఇలాంటి కథ అల్లిన బసలు ఆ ధర చేస్తాయా అని దారి పొడవునా మావారూ నేనూ వాదించుకున్నాం. ఫ్లోరిడాలో డిస్నీవాళ్ళు 2022 మార్చిలో గెలాక్టిక్ స్టార్‌క్రూజర్ అని అంతరిక్ష నౌక హోటలు తెరిచారు. వంద గదులు, కిటికీల స్థానంలో అంతరిక్షం కనిపించే తెరలు, రెండు రోజులూ అతిథులతో కలిసి కథ నడిపే నటులు. ఇద్దరికి రెండు రాత్రులకు 4,800 డాలర్ల పైమాటే. వెళ్ళినవారిలో చాలామంది మెచ్చుకున్నారు, అయినా 2023 సెప్టెంబరు చివరికల్లా మూసేశారు. ఇలాంటిచోట అసలు ఖర్చు గోడలది కాదు, మనుషులది. గోడ ఒకసారి కడితే పడి ఉంటుంది, మనిషికి మాత్రం రోజూ ఇవ్వాలి. డిస్నీ అంతటి సంస్థకే లెక్క కుదరలేదంటే, రావులపాలెం పక్కన ఎలా కుదురుతుంది? కుదరదు కాబట్టే మనుషులను తగ్గించి, అవే గోడలను ఒకే సాయంత్రం ఇద్దరికి అమ్ముతున్నారు.

డబ్బు ఖర్చుపెట్టడమే తప్పని నేను అనడం లేదు. పాయిగా నవాబు వికారుల్ ఉమ్రా కట్టించి, ఆరో నిజాము చేతికి వెళ్ళిన ఫలక్‌నుమా 2010 నుంచి హోటలుగా నడుస్తోంది. గది అద్దె వింటే గుండె ఆగుతుంది, కానీ అక్కడ 101 మంది కూర్చునే భోజనాల బల్ల నిజంగానే అక్కడిది, ఎవరూ వేషం కట్టకపోయినా దాని విలువ పోదు. చెట్టినాడులో కారైక్కుడి, కానాడుకాత్తాన్ వైపు పాత ఇళ్ళు కొన్నింటిని హోటళ్ళుగా మార్చారు. బర్మా టేకు స్తంభాలు, ఆత్తంగుడి పలకలు, నడుమ నిజమైన ఆకాశం. వాన వస్తే వచ్చినట్టు, రాకపోతే లేదు. స్విచ్చు ఎవరి చేతిలోనూ ఉండదు.

న్యాయంగా ఒక్క మంచి మాట చెప్పాలి. మొదటి రోజు పూతరేకులు చేసి చూపించిన ఆవిడ. ఆత్రేయపురం నుంచి వస్తారట. బోర్లించిన కుండ కింద ఎండు కొబ్బరాకులు ఎగదోస్తూ, పలచటి బియ్యప్పిండి నీళ్ళలో ముంచిన గుడ్డను కుండ వీపు మీద ఇలా పరిచి అలా లాగేసేవారు. లాగిన జాడలోనే పొర తేలి వచ్చేది. మా వాడు ప్రయత్నిస్తే ముద్దయింది. ఆవిడ నవ్వి, వాడి చేతి మీద చెయ్యి వేసి మళ్ళీ లాగించారు. అరగంట సేపు మాకు ఆ రిసార్టు గుర్తు రాలేదు. అయితే ఆత్రేయపురం అక్కడికి ఎంతో దూరం లేదు. ఊళ్ళోకి నేరుగా వెళ్తే ఇదంతా ఇళ్ళ ముందు చూడవచ్చు, కొనుక్కోవచ్చు, ఆ డబ్బు చేసినవారికే అందుతుంది. 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది ఆ ఊరి పూతరేకులకే.

అయినా వెళ్ళి తీరాలనుకుంటే, ఆ తేదీల్లో చిత్రీకరణలు ఉన్నాయా లేవా అని అడిగి, జవాబు మెయిలులో తెప్పించుకున్నాకే డబ్బు కట్టండి. ఫోనులో చెప్పే మాట చెల్లదు. అందరి ఫోనులూ పెట్టెలో పడేయకండి, ఒకటి మీ దగ్గరే ఉంచుకోండి. ఇప్పటికే మోసపోయినవారు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైను 1915కు ఫోను చేయవచ్చు. అక్కడ తేలకపోతే వినియోగదారుల కమిషన్ ఉంది. మీరు ఉంటున్న జిల్లాలోనే వేసుకోవచ్చు, కోనసీమదాకా తిరగనక్కర్లేదు. కట్టిన సొమ్ము రూ. 5 లక్షల లోపైతే ఫీజు కూడా లేదు. నేను హైదరాబాదులో వేస్తున్నాను. ఫిర్యాదు నమూనా కావలసినవారు అడగండి, పంపుతాను.