వార్నిష్ బ్రష్షు: ప్రతిసారీ కడగడం మేలా, ముంచి ఉంచడం మేలా?

పూతకీ పూతకీ మధ్య బ్రష్షుని ఏం చెయ్యాలి? చెక్కపని గురించి రాయడం మొదలుపెట్టాక నన్ను అన్నిటికంటే ఎక్కువసార్లు అడిగిన ప్రశ్న ఇది. అడిగేవాళ్ల బాధ తెలియనిది కాదు. బల్లకి వార్నిష్ వెయ్యడానికి పావుగంట పడితే బ్రష్షు కడగడానికి అంతకి రెట్టింపు. మూడు పూతలంటే ఆ చాకిరీ మూడుసార్లు. "సీసాలో టర్పెంటైన్ పోసి అందులో దించేసి పోతే ఏమవుతుంది?" అంటారు.

నేనూ ఏళ్ల తరబడి అలా దించేసి పోయినవాణ్ణే. ఈమధ్యే మానేశాను. కారణం ఒక టేకు బల్ల.

దాని మీద నూనె వార్నిష్ మూడో పూత వేసి పడుకున్నాను. తెల్లారి చూస్తే అద్దంలా ఉంది. అరచేత్తో నిమిరితే మాత్రం ఒళ్లు గగుర్పొడిచినట్టు సన్నటి గరుకు. దుమ్మే అనుకున్నాను. ఉప్పు కాగితంతో రుద్ది, నేల తడిపి, ఫ్యాన్ ఆపి, కిటికీలు మూసి మళ్లీ వేశాను. మళ్లీ అదే గరుకు. గది మొత్తం అనుమానించాక చివరికి చేతిలో ఉన్నదాని మీదికి దృష్టి పోయింది. గాజు గ్లాసులో కొత్త టర్పెంటైన్ పోసి, "శుభ్రంగా" ఉన్న ఆ బ్రష్షుని ముంచి, గ్లాసు గోడకేసి అదిమాను. వెంట్రుకల మధ్య నుంచి తేనెరంగు నలుసులు ఒకటొకటిగా జారి అడుక్కి చేరాయి.

నా లెక్కలో ఏది మేలో తేల్చేది ఆ నలుసే. బ్రష్షు మెత్తగా ఉందా అని అందరూ చూస్తారు. నా బ్రష్షూ మెత్తగానే ఉండేది. గోడ రంగులో ఇలాంటి నలుసు పడితే కలిసిపోతుంది. మెరిసే వార్నిష్‌లో అలా కాదు. పక్క నుంచి వెలుతురు పడిందంటే ఒక్కొక్కటీ నీడతో సహా కనబడుతుంది.

ముంచి ఉంచితే ఏం జరుగుతుంది

నూనె వార్నిష్, నూనె ఆధారంగా చేసిన పాలీయురెథేన్ నీళ్లలా ఆవిరై ఆరిపోవు. ముందు అందులోని టర్పెంటైన్ లాంటి ద్రావకం ఎగిరిపోతుంది, తర్వాత మిగిలిన నూనె, రెసిన్ గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి గట్టిపడతాయి. గట్టిపడక ముందు టర్పెంటైన్‌లో ఇట్టే కరుగుతాయి. గట్టిపడ్డాక ఎన్నాళ్లు నానబెట్టినా కరగవు.

ఇప్పుడు సీసాలో దించిన బ్రష్షుని చూడండి. వెంట్రుకల కొసలు మునిగి ఉంటాయి. కుదుళ్లు, అంటే రేకు పట్టీలోకి దూరే చోటు, చాలాసార్లు పైనే ఉండిపోతాయి. వార్నిష్ ఎక్కువగా పట్టుకుని ఉండేదీ అక్కడే. టర్పెంటైన్ మట్టం గాలిని తాకే గీత దగ్గర ఆ వార్నిష్ సగం గట్టిపడి జిగురులా మారుతుంది. మర్నాడు మీరు బ్రష్షు విదిలించి పని మొదలుపెడతారు. చెయ్యి ఆడేకొద్దీ కుదుళ్లలోని జిగురు చిట్లి, ముక్కలై, కొసల్లోకి దిగుతుంది. మొదటి నాలుగు గీతలు బాగానే వస్తాయి. తర్వాత మొదలవుతుంది గరుకు.

పోనీ, పట్టీ కూడా మునిగేలా నింపితే? అప్పుడు వార్నిష్ కలిసిన టర్పెంటైన్ పట్టీ లోపలికి పాకుతుంది, అక్కడి నుంచి దాన్ని బయటికి రప్పించడం ఎవరి తరమూ కాదు. దానికి తోడు బ్రష్షుని సీసా అడుక్కి ఆనించి నిలబెడితే రాత్రికి రాత్రే వెంట్రుకలు ఒక పక్కకి వంగిపోతాయి. అడుగున పేరుకున్న మడ్డి కొసలకి అంటుకుంటుంది కూడా.

అలాగని ముంచి ఉంచడం తప్పని అనను. ఒకే రోజు కొన్ని గంటల తేడాతో పని ఉంటే అదే మంచిది. పిడికి కన్నం పెట్టి, తీగ దూర్చి, కొసలు అడుక్కి తగలకుండా వేలాడదీయండి. మట్టం వెంట్రుకల పైఅంచు దాకా రావాలి, పట్టీలోకి పోకూడదు. సీసాకి మూత ఉండాలి, ఆ ఆవిరి మండుతుంది. వాడే ముందు కొత్త టర్పెంటైన్‌లో ఒకసారి ముంచి పిండండి. చెక్కకి రంగెక్కించే స్టెయిన్‌కి, మొదటి పూతకి, కనబడని వెనక పక్కలకి ఇది చాలు. ఆఖరి పూతకి మాత్రం నా చేతికి ఆ బ్రష్షు ఇవ్వకండి.

కడగడం అసలు మొదలయ్యేది వార్నిష్ తాకక ముందు

ఇది చాలామంది వదిలేసే మెట్టు. పొడి బ్రష్షుని వార్నిష్‌లో ముంచితే అది వెంట్రుకల వెంబడి పైకి పాకి నేరుగా కుదుళ్లలో కూర్చుంటుంది. ముందు టర్పెంటైన్‌లో పూర్తిగా ముంచి, పిండి, ఆ తర్వాత వార్నిష్‌లో మూడో వంతు వరకే ముంచండి. కుదుళ్లలో అప్పటికే టర్పెంటైన్ ఉంది కాబట్టి వార్నిష్‌కి చోటు ఉండదు. ఈ ఒక్క అలవాటుతో నాకు కడిగే పని దాదాపు సగం తగ్గింది.

పని అయ్యాక ముందు పాత కాగితం మీద గట్టిగా అదిమి, రాగలిగినంత వార్నిష్ రాబట్టాలి. తర్వాత మూడు సీసాలు. ఒక్కోదాంట్లో వెంట్రుకలు మునిగేంత టర్పెంటైన్ చాలు. మొదటి దాంట్లో ముంచి, చేతి తొడుగు వేసుకుని వేళ్లతో కుదుళ్లని నలపాలి. పిండాలి. రెండోది, మూడోది కూడా అంతే. ఒకే డబ్బాలో నిండా పోసి ఒక్కసారి కడగడం కంటే ఇది ఎందుకు నయం? పిండాక బ్రష్షులో పదో వంతు మురికి మిగులుతుందని అనుకుందాం. మొదటి సీసా తర్వాత పదిలో ఒకటి, రెండోది దాటాక వందలో ఒకటి, మూడోది దాటాక వెయ్యిలో ఒకటి. పోసే టర్పెంటైన్ పెంచినందువల్ల కాదు, పిండే సార్లు పెరిగినందువల్ల వచ్చే తేడా ఇది.

ఆ తర్వాత గిన్నెలు తోమే సబ్బు, గోరువెచ్చని నీళ్లు. ఇక్కడ చూడాల్సింది నురగ. వార్నిష్ ఇంకా మిగిలి ఉంటే సబ్బు ఎంత రాసినా నురగ రాదు, బూడిదరంగు జిడ్డు మాత్రం కారుతుంది. కడిగి మళ్లీ రాస్తే కాస్త వస్తుంది. మూడోసారికి వేళ్ల సందుల్లోంచి తెల్లగా పొంగితే పని అయినట్టు. అప్పుడు నీళ్లు విదిలించి, దువ్వి, మందపాటి కాగితంలో కొసలు వంగకుండా చుట్టి పడుకోబెట్టండి. తడిగా ఉన్నప్పుడు కొసలు పైకి పెట్టి నిలబెట్టకండి, ఉన్న తడి అంతా పట్టీలోకి దిగుతుంది.

దీనికో చిక్కుంది, దాచను. సబ్బుతో కడిగిన పందివెంట్రుకల బ్రష్షు లోపలిదాకా ఆరడానికి ఒకటి రెండు రోజులు పడుతుంది. తడి బ్రష్షుతో నూనె వార్నిష్ వెయ్యకూడదు. రేపే రెండో పూత ఉంటే ఎలా? నేను పూతల మధ్య మూడో సీసా దగ్గరే ఆగిపోతాను. పిండి, కాగితంలో చుట్టి పక్కన పెడతాను. సబ్బు ఆఖరి పూత అయ్యాకే. రెండు బ్రష్షులుంటే మార్చిమార్చి వాడొచ్చు, అది ఇంకా హాయి.

మూడు సీసాల టర్పెంటైన్ దండగ అనేవాళ్లకి: పారబొయ్యక్కర్లేదు. మూత పెట్టి కొన్నాళ్లు కదపకుండా ఉంచితే మడ్డి అడుక్కి దిగుతుంది. పైన తేరుకున్నదాన్ని నెమ్మదిగా వంచి, వచ్చేసారి మొదటి సీసాకి వాడుకోవచ్చు. మడ్డిని మాత్రం కాలవలో పొయ్యకండి. వార్నిష్, లిన్‌సీడ్ (అవిసె) నూనె తుడిచిన గుడ్డల్ని ఉండచుట్టి మూలన పడేయకండి. నూనె గట్టిపడేటప్పుడు పుట్టే వేడి ఆ ఉండలో బయటికి పోలేక, అగ్గిపుల్ల లేకుండానే అంటుకుంటుంది. ఒక్కొక్కటిగా విప్పి ఆరుబయట పరచండి, లేదా నీళ్లు నింపిన రేకు డబ్బాలో వేసి మూత పెట్టండి.

లక్క అయితే లెక్క తిరగబడుతుంది

లక్క పాలిష్, ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) లాకర్ వాడేవాళ్లు పైదంతా మర్చిపోవచ్చు. ఇవి ద్రావకం ఎగిరిపోవడం వల్లే ఆరతాయి, మళ్లీ అదే ద్రావకం తగిలితే కరుగుతాయి. లక్క బ్రష్షుని నేను కడగనే కడగను. కొసలు సూటిగా దువ్వి వదిలేస్తే కర్రముక్కలా బిగుసుకుంటుంది. చూసినవాళ్లు పాడైపోయిందనుకుని చెత్తబుట్టలో వేసిన సందర్భమూ ఉంది. వాడే ముందు లక్కని కరిగించే స్పిరిట్‌లో (ఆల్కహాల్) అరగంట నానిస్తే మళ్లీ మామూలే. లాకర్‌కి స్పిరిట్ బదులు దాని థిన్నర్. లక్కకంటూ ఒక బ్రష్షు కేటాయించి పిడి మీద గుర్తు పెట్టుకుంటే చాలు.

నీళ్లతో కలిపే వార్నిష్‌కి చర్చే లేదు: సింథటిక్ బ్రష్షు, పని ఆగిన క్షణమే నీళ్లు, సబ్బు. పందివెంట్రుకలు నీళ్లు తాగి చీపురులా విచ్చుకుంటాయి. మధ్యలో ఫోన్ మోగితే తడిగుడ్డ చుట్టి వెళ్లండి.

ఇక మిగతావి. ప్లాస్టిక్‌లో చుట్టి ఫ్రీజర్లో పెట్టడం: చలికి వార్నిష్ గట్టిపడటం నెమ్మదిస్తుంది, ఒక రాత్రికి పనిచేస్తుంది, కానీ మండే ఆవిరిని తిండి ఉండే పెట్టెలో పెట్టమని నేను చెప్పను. కిరోసిన్: మురికి వదులుతుంది, కానీ తొందరగా ఎగరదు. ఆ జిడ్డు మిగిలితే తర్వాతి పూత ఆరడం ఆలస్యమవుతుంది. స్పాంజి బ్రష్షు: వాడి పారేయొచ్చు, లక్కకి, లాకర్‌కి పనికిరాదు.

మీ దగ్గరున్న పాత బ్రష్షు ఏ స్థితిలో ఉందో తెలియాలంటే ఆ గ్లాసు పరీక్షే చెయ్యండి. అడుగున తెల్లకాగితం పెడితే నలుసులు ఇంకా బాగా కనబడతాయి. టర్పెంటైన్ మార్చి మూడుసార్లు అదిమినా ఇంకా రాలుతుంటే దాన్ని పైపూతల నుంచి తప్పించండి. నాది ఇప్పుడు ఉప్పు కాగితం రుద్దాక మూలల్లో పొడి దులపడానికి పనికొస్తోంది, ఆ పనికి భేషుగ్గా ఉంది.