టిల్‌బర్గ్ హాళ్లు, యోసెఫోవ్ కోట: మెటల్ కోసం రెండు ప్రయాణాలు

ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఉద్యోగం. ఏడాది సెలవుల్లో ఒక వారం మెటల్ (హోరెత్తే రాక్ సంగీతం) కచేరీలకే దాచిపెట్టుకుంటాను. మెటాలికా, ఐరన్ మెయిడెన్ లాంటి పెద్ద పేర్ల కోసం కాదు, ఇంకా పైకి వస్తున్న యూరప్ బ్యాండ్ల కోసం. అవి దొరికే చోట్లలో నేను వెళ్లినవి రెండు: నెదర్లాండ్స్‌లోని టిల్‌బర్గ్, చెక్ దేశంలోని యోసెఫోవ్.

టిల్‌బర్గ్‌లో రోడ్‌బర్న్ ఫెస్టివల్ ఏప్రిల్‌లో నాలుగు రోజులు ఉంటుంది. 1999లో మొదలైంది. ప్రధాన వేదిక 013 అనే హాలు. ఆ అంకె ఏమిటా అనుకున్నాను, ఊరి ఎస్‌టీడీ కోడేనట! పెద్ద హాల్లో దాదాపు 3,000 మంది పడతారు. మిగతా వేదికల్లో కొన్ని స్టేషన్ వెనక పాత రైల్వే వర్క్‌షాపుల్లో ఉన్నాయి. అన్నిటికీ నడిచే వెళ్లొచ్చు. ఒకప్పుడు ఇది ఉన్ని మిల్లుల ఊరు. ఉన్ని శుభ్రం చేయడానికి జనం కుండల్లో మూత్రం పట్టి మిల్లులకు ఇచ్చేవారని, అందుకే ఊరివాళ్లను ‘కుండలో పోసేవాళ్లు’ అని వెక్కిరించేవారని చెబుతారు. వాళ్లేమీ సిగ్గుపడరు, కార్నివాల్ రోజుల్లో ఊరి పేరునే ‘కుండల ఊరు’గా మార్చుకుంటారు.

బస మాత్రం కష్టం. ఊరు చిన్నది, హోటళ్లు తక్కువ, ఫెస్టివల్ రోజుల్లో అద్దె చూస్తే గుండె ఆగుతుంది. దగ్గర్లోని ఐంధోవెన్‌లో కంప్యూటర్ చిప్‌ల మెషిన్లు చేసే ఉద్యోగాలకు వచ్చిన మనవాళ్లు చాలామంది ఉన్నారు. అక్కడే ఉన్న నా ఫ్రెండ్ ఇంట్లో దిగాను. రైల్లో అరగంట, గేటు దగ్గర బ్యాంకు కార్డు ఆనిస్తే చాలు. అర్ధరాత్రి రైలు వేళ మాత్రం ముందే చూసుకోవాలి. ఓ రాత్రి నేను చూసుకోలేదు, ప్లాట్‌ఫామ్ మీద చలికి వణికాను.

టిల్‌బర్గ్‌లో విన్నవాటిలో రెండు బ్యాండ్ల గురించి చెప్పాలి. బ్రూటస్ బెల్జియంలోని లూవెన్ నుంచి వచ్చింది. ముగ్గురే మనుషులు. డ్రమ్స్ వాయించే స్టెఫనీ మనార్ట్సే పాడుతుంది కూడా. రెండు చేతులు, రెండు కాళ్లు పరుగులో ఉండగా గొంతు పైకి లేచి ఏడుపు అంచు దాకా వెళ్లి ఆగుతుంది. రికార్డులో ఇది చక్కగా, శుభ్రంగా వినిపిస్తుంది. ఎదురుగా నిలబడి వింటే మాత్రం ఆ శ్వాస ఎక్కడ తెగుతుందో తెలుస్తుంది. దాని కోసమే టికెట్టు కొన్నాననిపించింది.

రెండోది ఇటలీ బ్యాండ్ మెస్సా. నత్తనడక డూమ్ మెటల్, దాని మీద జాజ్ నీడ. 2022లో వచ్చిన ‘క్లోజ్’లో ఊద్, డుడుక్ లాంటి మధ్యధరా, ఆర్మేనియా వైపు వాయిద్యాలు కూడా వాడారు. గాయని అరవదు, తొందరపడదు. గిటార్ బరువంతా కింద పరుచుకుంటే ఆమె గొంతు దాని మీద నిదానంగా నడిచిపోతుంది. ఆలాపన వినడం అలవాటున్న చెవికి ఈ నిదానం ఇట్టే నచ్చుతుంది.

ఫ్రెండ్ వాళ్లమ్మగారు అప్పుడు అక్కడే ఉన్నారు. నా ఫోన్లో ఇంకో బ్యాండ్ అరుపుల పాట వీడియో విని, “ఏం నాయనా, ఆ పిల్లాడి గొంతు చిరిగిపోదూ?” అన్నారు. “చిరగదండీ, సాధన చేసినవాళ్లు అసలు స్వరతంతువుల మీద ఒత్తిడి తగ్గించి, వాటి పైనున్న మడతలను కంపింపజేస్తారు” అని చెప్పాను. నమ్మలేదు. మర్నాడు పులిహోర కట్టిస్తూ అందులో మిరియాలు వేశారు, గొంతుకు మంచిదని. పాడేది నేను కాదని ఎన్నిసార్లు చెప్పినా సరే.

యోసెఫోవ్ వేరే లోకం. ఆగస్టులో బ్రూటల్ అసాల్ట్ ఫెస్టివల్ జరిగేది నిజమైన కోటలో. పొరుగు రాజ్యం ప్రష్యాకు భయపడి ఆస్ట్రియాను ఏలిన చక్రవర్తి రెండో జోసెఫ్ 1780లలో కట్టించాడు. ఒక్క ముట్టడి కూడా చూడని కోట అది. 2007 నుంచి మాత్రం ఈ ‘అసాల్ట్’ (దాడి) దాదాపు ఏటా జరుగుతోంది. ఎర్ర ఇటుక బురుజుల మధ్య పక్కపక్కనే రెండు పెద్ద వేదికలు. ఒకచోట పాట ఆగగానే రెండోచోట మొదలు. డబ్బులన్నీ చేతికి కట్టే పట్టీలోని చిప్‌లోనే.

తిండి విషయంలో శాకాహారికి చెక్ దేశం భయపడినంత ఏమీ కాదు. పిండి, బ్రెడ్ పొడి అద్ది వేయించిన చీజ్ ముక్క, స్మజెనీ సీర్ అంటారు, బంగాళదుంపలతో ఇస్తారు. మూడు రోజులు అదే తిన్నాను. నాలుగో రోజు అన్నం కలలోకి వచ్చింది.

టెంట్ వేసుకోవడం నా నడుముకు పడదు. దగ్గర్లోని హ్రాడెట్స్ క్రాలోవెలో గది తీసుకున్నాను. ఆ బసలో తాళం పెట్టె కోడ్ పనిచేయలేదు, ఫోన్ ఎవరూ ఎత్తలేదు. వానలో గంటన్నర మెట్ల కింద కూర్చున్నాను. చవకగా దొరికిందని సంబరపడ్డానుగా! కోడ్‌తో పాటు మాట్లాడే మనిషి నంబరు లేని గదికి ఇక వెళ్లను.

కోట అందం ఒప్పుకోవాల్సిందే, కానీ కొత్త బ్యాండ్‌కి ఆరుబయలు అంతగా కలిసిరాదు. పోర్చుగల్‌లోని పోర్టో నుంచి వచ్చిన గయేరియా బ్యాండ్‌ను నేను మొదట జర్మనీలో ఓ ఇరుకు క్లబ్బులో చూశాను. అందరి ముఖాలకూ నల్లగుడ్డ ముసుగులు, వాటి మీద బ్యాండ్ గుర్తు. బ్లాస్ట్ బీట్ (అతివేగపు డ్రమ్స్ మోత) పొట్టలో తగులుతుంటే ముసుగు లోపలి మనిషి ఊపిరి గుడ్డను లాగడం కనిపించింది. తర్వాత వేరేచోట పెద్ద మైదానంలో, మధ్యాహ్నం ఎండలో చూస్తే ముసుగులు నాటకం దుస్తుల్లా అనిపించాయి. గాలికి గిటార్లు ఓసారి వచ్చి ఓసారి పోయాయి. మొదటి ప్రపంచ యుద్ధ సైనికుల ఉత్తరాల నుంచి జర్మన్‌లో పాటలు కట్టే కానోనెన్‌ఫీబర్ అనే బ్యాండ్‌కీ చీకటి హాలే నప్పుతుంది. ఆ మాటలు వినబడాలి కదా.

కోట చూడాలనుకుంటే యోసెఫోవ్‌కి ఒక్క రోజు వెళ్లండి. బ్యాండ్లు వినాలంటే టిల్‌బర్గ్. చెవుల్లో ప్లగ్స్ తప్పనిసరి, రెండు జతలు పెట్టుకోండి, ఒకటి ఎలాగూ పోతుంది. వచ్చే ఏప్రిల్‌కి ఐంధోవెన్‌లో మంచం ఇప్పటికే ఖాయమైంది. డ్రమ్స్ కొడుతూ పాడే పిల్ల వీడియో పంపమని ఆంటీ గారు నెల్లూరు నుంచి వాట్సాప్ చేశారు.